బ్యాలెట్ వెనక పేజీ

2007 ఆగస్టు 31, శుక్రవారం. అమెరికా నట్టనడుమ మొక్కజొన్న పండించే రాష్ట్రం అయోవా. దాని రాజధాని డి మోయిన్‌లో పోల్క్ కౌంటీ రికార్డరు ఆఫీసు దగ్గర పొద్దున్నే హడావుడి మొదలైంది. మన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి నమోదు చేసుకున్నట్టే, అక్కడ పెళ్లికి ముందు లైసెన్సు కోసం ఈ ఆఫీసుకే రావాలి. ముందురోజే జిల్లా జడ్జి రాబర్ట్ హాన్సన్ ఒక తీర్పు చెప్పాడు. ఆడా మగా మధ్య జరిగిందే పెళ్లి అన్న 1998 నాటి రాష్ట్ర చట్టం చెల్లదన్నాడు. ఇద్దరు మగవాళ్లకైనా, ఇద్దరు ఆడవాళ్లకైనా లైసెన్సు ఇవ్వాల్సిందేనన్నాడు.

ఆ తీర్పు ఎంతసేపు నిలుస్తుందో ఎవరికీ తెలియదు. కౌంటీ అప్పీలుకు వెళ్తుందని మాత్రం అందరికీ తెలుసు. పైగా లైసెన్సు చేతికొచ్చాక మూడు రోజులు ఆగాలన్నది నిబంధన. ఆగక్కర్లేదని ఒక జడ్జి సంతకం పెడితే తప్ప ఆ రోజే పెళ్లి కాదు.

ఏమ్స్ పట్టణంలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు ఈ లెక్క పట్టుకున్నారు. కౌంటర్లో అర్జీ ఇచ్చి, గడువు మినహాయింపు కోసం జడ్జి సంతకం తెచ్చుకుని, నేరుగా ఒక యూనిటేరియన్ చర్చి పాస్టరు ఇంటికి వెళ్లారు. ఇంటి ముందు పచ్చిక మీదే పెళ్లి. బాజాల్లేవు, బంధువుల్లేరు, కెమెరాలు మాత్రం ఉన్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి తన తీర్పు మీద హాన్సనే స్టే ఇచ్చాడు. ఆ పూట అర్జీ పెట్టుకున్న జంటలు ఇరవైకి పైనే. పెళ్లి పూర్తయింది ఒక్క జంటకు. మిగిలినవాళ్లకు ముహూర్తం దాటిపోయింది. మళ్లీ అది రావడానికి ఏడాదిన్నర పైనే పట్టింది.

కేసు అసలు 2005 డిసెంబరులో మొదలైంది. ఆరు జంటలు లైసెన్సు అడిగితే కౌంటీ కాదంది. లాంబ్డా లీగల్ అనే హక్కుల సంస్థ వాళ్ల తరఫున కోర్టుకెక్కింది. ఇటు కేసు వేసినవాళ్లలో ఒకరి ఇంటిపేరు, అటు రికార్డరు ఇంటిపేరు కలిసి ‘వార్నమ్ వర్సెస్ బ్రియన్’ అయింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2008 డిసెంబరు 9న వాదనలు విన్నది. ఏడుగురు న్యాయమూర్తులు. ప్రధాన న్యాయమూర్తి మార్షా టర్నస్, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ.

2009 ఏప్రిల్ 3 ఉదయం తీర్పు వచ్చింది. ఏడుగురిదీ ఒకే మాట. భిన్నాభిప్రాయం రాసినవాళ్లు ఒక్కరూ లేరు. తీర్పు రాసింది మార్క్ కేడి. ఆయన్నీ టర్నస్‌నీ ఆ కోర్టులో నియమించింది రిపబ్లికన్ గవర్నరు టెరీ బ్రాన్‌స్టాడ్. పార్టీ రంగు చూసి తీర్పు ఊహించేవాళ్లకు ఇక్కడ చుక్కెదురే.

కేడి తీర్పులో పాత చరిత్ర తవ్వారు. 1839లో, అయోవా ఇంకా రాష్ట్రం కాకముందే, మిస్సోరీ నుంచి వచ్చిన రాల్ఫ్ అనే బానిసను యజమానికి తిరిగి అప్పగించబోమని అక్కడి సుప్రీంకోర్టు తన మొట్టమొదటి కేసులోనే చెప్పింది. 1868లో నల్లజాతి బాలికకు వేరే బడి చూపించడం కుదరదంది. అమెరికా సుప్రీంకోర్టు అదే మాట చెప్పడానికి 1954 దాకా ఆగాల్సి వచ్చింది. 1869లో దేశంలో మొదటిసారి ఒక మహిళకు లాయరుగా పట్టా ఇచ్చిందీ అయోవాయే. మేం కొత్తగా చేస్తున్నదేమీ లేదు, మా కోర్టు మొదటి నుంచీ ఇదే దారిలో ఉంది అని న్యాయమూర్తి తన జనానికి చెప్పుకున్నట్టుగా ఉంటాయి ఆ పేజీలు. చివర్లో ఆయన ఇంకో పని చేశారు. కౌంటీ లాయర్లు ఎత్తని మతం సంగతి తానే ఎత్తారు. చాలామంది అభ్యంతరానికి మూలం మతవిశ్వాసమేనని గుర్తించి, చర్చిలో జరిగే పెళ్లి జోలికి ఈ తీర్పు రాదని, మాట్లాడుతున్నది ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు గురించేనని విడమరిచి రాశారు. అంత ఓపిగ్గా రాసింది ఎంతమంది చదివారో మరి!

చదవకముందే రాష్ట్రం రెండుగా చీలింది. కేసు వేసిన జంటలు, వాళ్ల పిల్లలు కౌగిలించుకుని ఏడ్చిన ఫొటోలు దేశమంతా అచ్చయ్యాయి. డి మోయిన్‌లో, అయోవా సిటీలో సంబరాలు జరిగాయి. మరోపక్క చర్చి సంఘాలు, కుటుంబ విలువల సంస్థలు రోడ్డెక్కాయి. వాళ్ల నినాదం చిన్నది: ‘మమ్మల్ని ఓటెయ్యనివ్వండి.’ ఇంత పెద్ద మార్పును ఏడుగురు కూర్చుని తేల్చేస్తారా, ముప్ఫై లక్షల మందిని అడగరా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నను ఛాందసమని ఒక్క మాటతో కొట్టిపారెయ్యడం నాకు ఇష్టం లేదు. అయితే, కొద్దిమంది హక్కును ఎక్కువమంది ఓటుకు వదిలేస్తే 1839లో రాల్ఫ్ ఏమయ్యేవాడన్నది కూడా అంతే గట్టి ప్రశ్న.

ఈ వాదన మనకూ కొత్తది కాదు. స్వలింగ వివాహాల మీద మన సుప్రీంకోర్టులో నడిచిన కేసులో ముందు వరసలో నిలబడ్డ పిటిషనర్లు హైదరాబాదులో ఉంటున్న జంటే. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెళ్లి ప్రాథమిక హక్కు కాదంటూ, విషయాన్ని పార్లమెంటుకు వదిలేసింది. అయోవా కోర్టు తానే తేల్చింది. తేల్చినందుకు జరిగిందేమిటన్నదే ఈ కథ.

అయోవాలో 2009 ఏప్రిల్ 27న లైసెన్సులు మొదలయ్యాయి. ఇవ్వొద్దని కొందరు రికార్డర్లకు వినతిపత్రాలు అందాయి. ఇవ్వక తప్పదని అటార్నీ జనరల్ టామ్ మిల్లర్ తేల్చి చెప్పాడు. లైసెన్సుకు అయోవాలో కాపురం ఉండాలన్న షరతు లేదు. దాంతో చుట్టుపక్కల రాష్ట్రాల జంటలూ బయల్దేరాయి.

మరి కోపం వచ్చినవాళ్లు ఏం చెయ్యాలి? రాజ్యాంగాన్ని సవరించాలంటే వరసగా ఎన్నికైన రెండు శాసనసభలు ఆమోదించాలి, ఆ తర్వాతే ప్రజల ఓటు. ఎంత తొందరపడ్డా ఏళ్లు పడుతుంది. ఆ మొదటి మెట్టు దగ్గరే రాష్ట్ర సెనేట్ మెజారిటీ నాయకుడు మైక్ గ్రోన్‌స్టాల్ అడ్డంగా నిలబడ్డాడు. సవరణను సభలో ఓటుకు రానివ్వనన్నాడు. ఆ సందర్భంగా తన కూతురి ముచ్చట చెప్పాడు. ఆమె పనిచేసేచోట కొందరు పెద్దవాళ్లు ఈ పెళ్లిళ్లను తిట్టిపోస్తుంటే, మీరు ఇప్పటికే ఓడిపోయారు, మా తరానికి ఇది పట్టింపే కాదు అందట ఆ అమ్మాయి.

శాసనసభలో దారి మూసుకుపోయింది. కోపానికి మిగిలిన దారి ఒక్కటే.

అయోవాలో న్యాయమూర్తులను గవర్నరు నియమిస్తాడు కానీ, కొన్నేళ్లకోసారి వాళ్లు ప్రజల ముందుకు రావాలి. ఎదుట పోటీదారు ఉండడు. ఫలానా జడ్జిని కొనసాగించాలా వద్దా, అవునా కాదా, అంతే. 1962 నుంచి ఈ పద్ధతి ఉంది. అప్పటిదాకా ఆ ఓటులో పదవి పోగొట్టుకున్న సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒక్కరూ లేరు. మన దేశంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించాలంటే పార్లమెంటు అభిశంసన ఒక్కటే మార్గం కాబట్టి ఇది మనకు వింతగానే తోస్తుంది. అయోవా ఓటర్లకు మాత్రం అది పెద్ద పట్టింపు కాదు. ఆ పేర్లు ఉండేది బ్యాలెట్ వెనకవైపు. చాలామంది కాగితం తిప్పరు కూడా.

2010 నవంబరు ఎన్నికలకు వంతు వచ్చింది ముగ్గురికి: టర్నస్, మైకేల్ స్ట్రైట్, డేవిడ్ బేకర్. తీర్పు రాసిన కేడి వంతు 2016లో. ఇందులో ఎవరి ఎత్తుగడా లేదు, నియామకపు తేదీలను బట్టి వచ్చిన వరస అది.

బాబ్ వాండర్ ప్లాట్స్ అప్పుడే గవర్నరు పదవికి రిపబ్లికన్ ప్రైమరీలో బ్రాన్‌స్టాడ్ చేతిలో ఓడి ఉన్నాడు. తాను గెలిస్తే ఈ పెళ్లిళ్లను ఉత్తర్వుతో ఆపిస్తానని ఆ ప్రచారంలో చెప్పినవాడు. ఆగస్టులో కొత్త జెండా ఎత్తాడు: ముగ్గురు జడ్జిలనూ దించాలి. జాతీయ స్థాయి సంస్థల నుంచి లక్షల డాలర్లు వచ్చిపడ్డాయి. టీవీ ప్రకటనలు మొదలయ్యాయి. ఒక బస్సు ఊరూరా తిరిగింది. కాంగ్రెస్ సభ్యుడు స్టీవ్ కింగ్ ఆ యాత్రలో కలిశాడు. పన్ను మినహాయింపు పొందే చర్చిలు ఎన్నికల ప్రచారం చెయ్యకూడదన్నది చట్టం. సూ సిటీలో ఒక పాస్టరు ఆ చట్టాన్నే సవాలు చేస్తూ, వేదిక మీంచి జడ్జిలకు వ్యతిరేకంగా మాట్లాడమని తోటి పాస్టర్లకు పిలుపునిచ్చాడు. ప్రచారం సారాంశం ఒకటే: ఓటేసి ఇంటికెళ్లిపోకండి, కాగితం తిప్పండి.

అటువైపు? న్యాయమూర్తులు నోరు విప్పలేదు. విరాళాలు పోగుచెయ్యలేదు, ఒక్క ప్రకటనా ఇవ్వలేదు. జడ్జి ఓటు అడగడం మొదలుపెడితే రేపు తీర్పు కూడా ఓటు చూసుకుని రాస్తాడని వాళ్ల నమ్మకం. అమెరికా సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి శాండ్రా డే ఓకానర్ సెప్టెంబరులో డి మోయిన్ వచ్చి కోర్టుల స్వతంత్రత గురించి చెప్పి వెళ్లారు. రిపబ్లికన్ మాజీ గవర్నరు రాబర్ట్ రే లాంటి పెద్దలు జడ్జిలకు అండగా సంఘం పెట్టారు. అప్పటికి ఆలస్యమైంది. న్యాయమూర్తుల మౌనం ధర్మమే అంటాను. కానీ మీ మీద బస్సు వేసుకుని తిరుగుతున్నప్పుడు ధర్మం మీ తరఫున ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టదు కదా.

నవంబరు 2 రాత్రి లెక్క తేలింది. ముగ్గురూ ఓడిపోయారు. కాదన్నవాళ్లు సుమారు 54 శాతం. బ్రాన్‌స్టాడ్ గవర్నరుగా గెలిచాడు, తాను నియమించిన టర్నస్ అదే రాత్రి పదవి పోగొట్టుకుంది. వాండర్ ప్లాట్స్ శిబిరంలో పండగ. తీర్పు మాత్రం అలాగే ఉంది. మర్నాడు పొద్దున కూడా రికార్డరు ఆఫీసు లైసెన్సులు ఇచ్చింది.

మూడు నెలల తర్వాత, 2011 జనవరి చివరి రోజు. రాష్ట్ర ప్రతినిధుల సభ సవరణ మీద బహిరంగ విచారణ పెట్టింది. పంతొమ్మిదేళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి జాక్ వాల్స్ మైకు ముందుకొచ్చాడు. తనను పెంచింది ఇద్దరు అమ్మలని చెప్పాడు. పరీక్షల్లో తన మార్కులు, స్కౌట్లలో అందుకున్న అత్యున్నత హోదా, నడుపుతున్న చిన్న వ్యాపారం ఏకరువు పెట్టాడు. తన నడవడిక మీద అమ్మల స్వలింగ సంబంధం ప్రభావం సున్నా అన్నాడు. మొత్తం మూడు నిమిషాలు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. మర్నాడు సభ ఏం చేసిందో తెలుసా? 62-37తో సవరణను ఆమోదించింది. ఆ మూడు నిమిషాలు ఆ సభలో ఫలితాన్ని మార్చలేదు. బిల్లు సెనేటుకు వెళ్లి గ్రోన్‌స్టాల్ దగ్గర ఆగిపోయింది.

2012లో మరో న్యాయమూర్తి డేవిడ్ విగ్గిన్స్ వంతు. వాండర్ ప్లాట్స్ మళ్లీ బస్సు తీశాడు. ఈసారి ఎక్కినవాళ్లలో లూసియానా గవర్నరు, మన భారతీయ మూలాలున్న బాబీ జిందాల్ ఒకరు. న్యాయవాదుల సంఘం పాఠం నేర్చుకుని తానూ ఒక బస్సు వేసుకుని వెంటపడింది. రెండేళ్ల కిందట 54 శాతం దించెయ్యమన్న రాష్ట్రంలో విగ్గిన్స్‌ను సుమారు అంతే శాతం ఉండమంది.

జనం మనసు రెండేళ్లలో తిరగబడిందని దీన్నిబట్టి చెప్పలేం. రెండు ఎన్నికలకూ వచ్చిన ఓటర్లు ఒకే జనం కారు, అధ్యక్ష ఎన్నిక ఉన్న ఏడాది పోలింగే వేరు. కానీ నాకు తోచే కారణం మరొకటుంది. ఆ మధ్యకాలంలో పక్కింట్లో అలాంటి జంట కాపురం పెట్టింది, చుట్టుపక్కల కాపురాలేవీ కూలలేదు. భయపడ్డవాళ్లకు భయపడటానికి కొత్తగా ఏమీ దొరకలేదు.

2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు దేశమంతటా ఈ పెళ్లిళ్లు చెల్లుతాయంది. 2016లో ఆ ఏడుగురిలో మిగిలిన కేడి, బ్రెంట్ యాపెల్, డేరిల్ హెక్ట్‌ల వంతు వస్తే ముగ్గురూ సునాయాసంగా నెగ్గారు. వాల్స్ 2018లో రాష్ట్ర సెనేటుకు ఎన్నికయ్యాడు. కేడి ప్రధాన న్యాయమూర్తిగా ఉండగానే 2019 నవంబరులో కన్నుమూశారు.

టర్నస్, స్ట్రైట్, బేకర్‌లకు 2012లో కెన్నెడీ స్మారక ‘ప్రొఫైల్ ఇన్ కరేజ్’ అవార్డు దక్కింది. పదవులు మాత్రం తిరిగి రాలేదు. ఒకే తీర్పు మీద ఏడుగురు సంతకం చేస్తే శిక్ష పడింది ఈ ముగ్గురికే. తీర్పులో వాళ్లు మిగతా నలుగురికన్నా ఎక్కువ చేసిందేమీ లేదు. వాళ్ల వంతు 2010లో వచ్చింది, అంతే.