సూది గాయానికి ఒక కాలమ్

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర రాయగల పండితులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను జీవితమంతా ఆసుపత్రి ఆఫీసు ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. అందుచేత నాకు తెలిసిన చిన్న విషయాన్నే ఎంచుకున్నాను. అది సూది గుచ్చుకోవడం. రోగికి కాదు, సూది వేసేవారికి.

1980ల చివర్లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జూనియర్ అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. అప్పట్లో చాలాచోట్ల గాజు సిరంజిలే. సూదులను కడిగి, మరగబెట్టి మళ్లీ వాడేవారు. ఒకనాడు ఒక స్టాఫ్ నర్సు వేలికి దూది చుట్టుకుని మా సెక్షనుకు వచ్చింది. కామెర్ల రోగికి వాడిన సూది కడుగుతుంటే గుచ్చుకుందట. "ఎక్కడైనా రాసి పెట్టండి గుమాస్తా గారూ" అంది. హెడ్ క్లర్కు గారిని అడిగాను. "ఎముక విరగలేదు, సెలవు అడగలేదు. ఏ రిజిస్టరులో ఎక్కిస్తావయ్యా?" అన్నారు. ఆయన అన్నది నిజమే, అలాంటి కాలమ్ ఎక్కడా లేదు. "స్పిరిట్ రాసుకోండి సిస్టర్" అని పంపించేశాను. మూడు నెలలు తిరక్కుండానే ఆవిడ కామెర్లతో సెలవు చీటీ పంపింది. దానిని ఆర్జిత సెలవు కింద నా చేత్తోనే ఎక్కించాను. ఆ రోజు గుచ్చుకున్న సూది గురించి కాగితం మీద ఒక్క అక్షరం లేదు. కోలుకుని డ్యూటీలో చేరాక ఆవిడ నన్నేమీ అనలేదు. అంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

రిటైరయ్యాక తీరిక దొరికి ఈ సంగతి ఎప్పటిదోనని చదివితే, 1847 నాటి వియన్నా దాకా వెళ్లింది. అక్కడి పెద్దాసుపత్రిలో ప్రసూతి విభాగాలు రెండు. ఒకటి డాక్టర్లూ వైద్య విద్యార్థులూ చూసేది, రెండోది మంత్రసానులు చూసేది. డాక్టర్లు చూసేచోటే బాలింత జ్వరంతో ఎక్కువమంది తల్లులు పోయేవారు. కారణం ఎవరికీ అంతుబట్టలేదు. ఆ ఏడాది మార్చిలో కోలెచ్కా అనే ప్రొఫెసరు శవపరీక్ష చేయిస్తుండగా ఒక విద్యార్థి కత్తి ఆయన వేలికి గుచ్చుకుంది. కొద్దిరోజుల్లోనే ఆయన చనిపోయారు. ఆయన మిత్రుడు సెమ్మెల్‌వైస్ శవపరీక్ష నివేదిక చూసి నిర్ఘాంతపోయాడు. అందులో రాసినవన్నీ బాలింత జ్వరంతో పోయిన తల్లుల్లో కనిపించిన మార్పులే! శవాల గదినుంచి డాక్టర్ల చేతుల మీదుగానే విషం తల్లులకు చేరుతోందని ఆయన గ్రహించాడు. మే నెలనుంచి అందరూ క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోవాలన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 వరకు ఉన్న మరణాలు కొద్ది నెలల్లోనే రెండు, మూడుకు దిగాయి. గమనించండి, తల్లుల ప్రాణాలు కాపాడిన ఆ కిటుకు ఒక డాక్టరు వేలి గాయం నుంచే బయటపడింది. అయినా పెద్దలు ఆయన మాట వినలేదు. 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో, గాయం చీముపట్టి రక్తం విషమై కన్నుమూశాడు.

రబ్బరు గ్లవ్స్ కథ వేరు. 1889 ప్రాంతంలో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్, మందునీళ్లకు చేతులు పాడైపోతున్న తన నర్సు కోసం వాటిని చేయించాడు. మరుసటేడే ఆమెను వివాహమాడాడు. రోగిని కాపాడాలన్న ఆలోచన ఆ తర్వాతది.

మన నర్సమ్మను పడగొట్టింది బహుశా హెపటైటిస్-బి అయి ఉంటుంది. ఆ వైరస్ ఆచూకీ బ్లంబర్గ్ 1965లో పట్టారు, 1976లో నోబెల్ అందుకున్నారు. 1981లో అమెరికాలో టీకాకు అనుమతి వచ్చింది. కానీ మన దేశంలో దిగుమతి టీకా సామాన్య ఉద్యోగికి అందుబాటులో లేదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, వరప్రసాద్ రెడ్డి గారి ఆధ్వర్యంలో, దేశీయంగా ఆ టీకా తయారు చేసి ధర దించింది. మన తెలుగువారు గర్వించదగిన విషయమిది.

అయితే లోకాన్ని మేల్కొలిపింది హెపటైటిస్ కాదు, ఎయిడ్స్. 1984లో ఇంగ్లండులో ఒక నర్సుకు సూది ద్వారా ఆ వైరస్ సోకినట్లు వైద్య పత్రికలో వచ్చింది. 1986లో మద్రాసులో సునీతి సాల్మన్ గారు, నిర్మల గారు మన దేశంలో దాన్ని మొదట గుర్తించారు. 1987లో అమెరికా ఆరోగ్య శాఖవారు, ఏ రోగి రక్తమైనా సరే వ్యాధి ఉన్నట్లే భావించి జాగ్రత్తపడాలన్నారు. నిజానికి సూది ద్వారా ఎయిడ్స్ వైరస్ సోకేది వెయ్యిలో ముగ్గురికే. టీకా వేసుకోనివారికి హెపటైటిస్-బి అయితే నూటికి 30 మంది దాకా సోకవచ్చు. భయం మాత్రం తలకిందులుగా ఉండేది.

1995లో ఇంకొక మంచి మాట తెలిసింది. గుచ్చుకున్న వెంటనే జిడోవుడిన్ మాత్రలు మొదలుపెట్టినవారిలో ఆ ప్రమాదం సుమారు 80 శాతం తగ్గింది. ఇప్పుడు వాడేవి అంతకంటే మెరుగైన మందులు. గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. పిండకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు. నేను సలహా ఇచ్చిన స్పిరిట్ కూడా పనికిరాదట!

గుమాస్తాగా నా మనసుకు నచ్చినది మాత్రం అమెరికాలో 2000లో వచ్చిన చట్టం. దాని ప్రకారం సూది గాయాలకు ప్రత్యేకంగా ఒక రిజిస్టరు ఉండాలి. ఏ రకం సూది, ఏ కంపెనీది, ఏ వార్డులో, ఎలా జరిగిందో రాయాలి. గాయపడినవారి పేరు గోప్యంగా ఉంచాలి. అది చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మన దేశంలోనూ 1998 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలు ప్రమాదం జరిగితే రాయడానికి ఒక ఫారం ఇచ్చాయి. 2016 నిబంధనలు సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలన్నాయి, వ్యర్థాలు మోసేవారికి కూడా. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ఆ మాత్రలు అందజేసే బాధ్యతను సంస్థల మీద పెట్టింది. ఇన్నిటిలోనూ ఫారాలు నింపేది మనలాంటి గుమాస్తాలే.

ఇక మన ఇళ్ల మాట. మనలో సగంమందికి షుగరు, ఇన్సులిన్ సూదులు వంటింటి చెత్తలోనే పోతున్నాయి. ఆ సంచిలో చెయ్యి పెట్టే పారిశుద్ధ్య కార్మికురాలికి గ్లవ్స్ ఉన్నాయో లేదో మనం చూడం. మా ఇంట్లో కోడలు గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టింది. వాడిన సూదులు అందులో వేసి, నిండాక మూత బిగించి, "సూదులున్నవి" అని పైన చీటీ అంటిస్తాను. చెత్తబండి అమ్మాయి వచ్చినప్పుడు సంచిలో కలపకుండా, "జాగ్రత్తమ్మా, ఇది వేరే" అని చేతికిస్తాను. మొదటిసారి ఆ అమ్మాయి చీటీ చదివి, "ఇంతకుముందు రెండుసార్లు గుచ్చుకున్నాయి తాతగారూ" అంది. ఎక్కడైనా రాయించావా అని అడిగితే నవ్వింది.