కందిచేను – కాపు రాబడి

సంస్కృతమున కందిని ఆఢకి యందురు. ఆఢకమనగా నొక కొలత. కొలత పెరిగినంతనే కాపు రాబడి పెరుగునా యని నే నడుగుచున్నాను.

ఇబ్రహీంపట్టణమునకు చేరువనున్న మా శేరిగూడవంటి యూళ్లలో, నీరందని చెల్కలయందు జొన్నసాళ్ల నడుమ కంది వేయుట పూర్వాచారము. జొన్న కోసిన పిదప కంది విస్తరించును. లోతువేళ్లతో చెమ్మను గ్రహించును. వేరుబొడిపెలతో నేలకు నత్రజని నిచ్చును. కాని యెండుతెగులు సోకినచో పూతకాపులవేళనే చేను వాడిపోవును. 1972లో పటాన్‌చెరువున వెలసిన ఇక్రిశాట్ పరిశోధనాలయపు కృషిఫలముగా, ఆ తెగులును తట్టుకొను మారుతి రకము 1986లో విడుదలయ్యెను. మేలిరకమునకు పంటమార్పిడియు, సకాలమున కలుపుతీతయు తోడైనచో దిగుబడి నిలుచును.

అయినను అప్పు తీర్చుటకై కల్లములోనే యమ్ముకొనువానికి ఊరంతట పండిన హెచ్చుపంటయే ధరను తగ్గించును. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినది. సరకునకు పేరును, ధరకై వేచియుండు శక్తియు రైతునకు సమకూరిననాడే ఆఢకము నిండినట్లు.