కెరటం విరగని చోట

వాడి చెప్పులు నా చేతిలో ఉన్నాయి. కుడి చెప్పులో చేతి గడియారం, ఎడమ చెప్పులో కళ్లద్దాలు. మనిషి మాత్రం సముద్రంలో ఉన్నాడు. రెండు నిమిషాల క్రితం మోకాలి లోతులో నిలబడి నవ్వినవాడు ఇప్పుడు తల మాత్రమే కనిపించేంత దూరం పోయాడు.

నాకు ఈత రాదు.

ఆ రోజు తెల్లవారుజామున 5 గంటలకు విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర కలుసుకున్నాం. ఆంధ్రా యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఒకసారి ఇద్దరం భీమిలి దాకా నడిచాం. ముప్పై కిలోమీటర్లకు కాస్త తక్కువ. "ఇరవైల్లో నడిచాం, యాభై రెండులో నడవలేమట్రా?" అని వాడే పట్టుబట్టాడు. జనవరి నెల, చలిగాలి. చీకట్లో కురుసుర జలాంతర్గామి పెద్ద చేపలా ఇసుక మీద పడుకుని ఉంది. నౌకాదళంలో 31 ఏళ్లు పనిచేసి 2001లో విరమించింది అది. మేం చదువుకునే రోజుల్లో ఇక్కడ లేదు. దాన్ని చూస్తూ వాడు, "మనకంటే ముందే రిటైరైపోయిందిరా" అన్నాడు.

తెన్నేటి పార్కు దగ్గర పొద్దు పొడిచింది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఒకటి గాలివానకు కొట్టుకొచ్చి ఆ రాళ్ల మీదే ఆగిపోయింది. అంత ఇనుమును ఒడ్డుకు తెచ్చి పడేసిన నీళ్లివి. ఆ మాట అనుకుంటూనే మేం టీ తాగాం. రుషికొండ దాటేసరికి 9 అయింది. తొట్లకొండ కిందికి వచ్చాక ఎక్కుదామా వద్దా అని కాసేపు తర్జనభర్జన. బౌద్ధ భిక్షువులు వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లే ఆ కొండకు పేరు తెచ్చాయి. ఎక్కలేదు. కాళ్లు భీమిలికి దాచుకోవాలి కదా.

మంగమారిపేట దగ్గర ఆటు సమయం. నీరు తగ్గి, సముద్రం తొలిచిన రాతి తోరణం మొదలంటా కనబడుతోంది. వాడు దాని కింద నిలబడి ఫొటో తీయించుకున్నాడు. అక్కడి నుంచి ఎర్రమట్టి దిబ్బల వైపు నడుస్తుంటే ఎండ నెత్తికెక్కింది. ఒంటిగంటన్నర దాటింది. వాడి మడమ మీద బొబ్బ లేచింది.

"కాసేపు ఉప్పు నీళ్లు తగలనిస్తే మానిపోద్ది" అంటూ చెప్పులు విప్పాడు. నీళ్లలోకి దిగడానికి చోటు ఎంచుకున్నది నేనే. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో పది పదిహేను గజాల మేర నురగ లేదు. కాస్త ముదురు రంగులో, చెరువులా ఉంది. "అక్కడ దిగరా, నెమ్మదిగా ఉంది" అన్నాను. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

వాడు కోనసీమ వాడు. ఏడో ఏట కాలువలో ఈత నేర్చినవాడు. నీళ్లంటే భయం లేదు. మోకాళ్ల దాకా, నడుము దాకా వెళ్లాడు. ఉన్నట్టుండి కాలి కింద ఇసుక జారింది. ఒడ్డు వైపు తిరిగి ఈదడం మొదలుపెట్టాడు. చేతులు ఆడుతున్నాయి, మనిషి మాత్రం వెనక్కే పోతున్నాడు. కాలువలో ఎంత వడి ఉన్నా పక్కనే గట్టు ఉంటుంది. ఇక్కడ గట్టు ఎదురుగా ఉంది, వడి ఎదురు తన్నుతోంది.

అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు.

కాస్త దూరంలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచాడు. నీళ్లలోకి దూకలేదు. భుజం మీది తువ్వాలు తీసి గాలిలో ఊపుతూ, ఒడ్డున పక్కకు పరుగెత్తాడు.

"ఒడ్డుకి ఈదకు బాబూ! ఊరేపు ఈదు! ఊరేపు!"

రెండోసారికి వాడికి వినబడింది. తల మంగమారిపేట వైపు తిరిగింది. ఒడ్డుకు అడ్డంగా, తువ్వాలు ఎటు పోతే అటు ఈదాడు. నాలుగు బారలు, ఆగడం. మళ్లీ నాలుగు బారలు. ఎంతసేపో చెప్పలేను. చివరికి తెల్లగా విరిగే కెరటం ఒకటి వాడిని అందుకుంది. దాని వెనక ఇంకొకటి. పెద్దాయన నడుము లోతుకు దిగి చొక్కా కాలరు పట్టుకున్నాడు.

ఇసుక మీద పక్కకు తిప్పి పడుకోబెడితే ఉప్పు నీళ్లు కక్కాడు. వేళ్లు వణుకుతున్నాయి, గోళ్ల నిండా ఇసుక. నేను ఇంకా చెప్పులు పట్టుకునే ఉన్నాను.

ఊపిరి కుదుటపడ్డాక పెద్దాయన మమ్మల్ని లేపి నీటి అంచుకు తీసుకెళ్లాడు. ఇసుకలోంచి ఎండు కొబ్బరి డొక్క ఒకటి ఏరి, మేం దిగిన చోటే విసిరాడు. కళ్ల ముందే అది తిన్నగా లోపలికి పోయింది. కెరటాలు విరిగే వరస దాటాక ఆగి, అక్కడే ఊగుతూ నిలబడింది.

"సూసారా? మునగనేదు. లాగుడు మనిషిని ముంచదు బాబూ, అట్టుకుపోద్దంతే. ముంచేది ఆయాసం. కెరటం ఇరిగిన సోట నీరు ఒడ్డుకొత్తాది. ఇరగని సోటే ఎనక్కి పోయే దారి."

ఒడ్డుకు వచ్చి పడిన నీరంతా తిరిగి పోవాలి. నీటి అడుగున ఉండే ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ గండి దొరికితే అక్కడ ఏరులా పోతుంది. అక్కడ లోతెక్కువ కాబట్టి కెరటం విరగదు, పైకి నిమ్మళంగా కనిపిస్తుంది. ఎంత ఈతగాడైనా దానికి ఎదురీది గెలవలేడు. పక్కకు ఈదితే దాని వెడల్పు కొద్ది గజాలే. ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపినా బతుకుతాడు. పిక్నిక్‌కి వెళ్లిన పిల్లలు తిరిగి రాలేదన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఆ కొబ్బరి డొక్కే కళ్లలో మెదులుతుంది. 'ప్రమాదం' అని బోర్డు పెడతాం. ప్రమాదం చూడ్డానికి ఎలా ఉంటుందో ఏ బోర్డూ చెప్పదు. నెమ్మదిగా ఉంటుందని, అందంగా ఉంటుందని చెప్పాలి. బడిలోనే చెప్పాలి.

పెద్దాయనకు డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కాళ్లు ఇసకలో పెట్టుకుని నడవండి" అని వల దగ్గరికి పోయాడు.

ఆటో ఎక్కుదామన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఎర్రమట్టి దిబ్బల పక్కగా, మాటల్లేకుండా నడిచాం. మధ్యమధ్య వాడు ఆగి నీటి వైపు వేలు చూపించేవాడు. "అదిగో, ఒకటి." మళ్లీ కొంత దూరం పోయాక, "అదిగో." ఉదయం నుంచి ఇన్ని దాటి వచ్చామా అనిపించింది.

భీమిలి చేరేసరికి పొద్దు వాలుతోంది. గోస్తని సముద్రంలో కలిసే వైపు కాలేజీ కుర్రాళ్లు ఆరేడుగురు ప్యాంట్లు మడుచుకుంటున్నారు. నురగ లేని చోటు చూసుకుని అటు కదిలారు. వాడు బొబ్బ కాలితో పరుగెత్తాడు. ఉప్పు నీళ్లకు పూడుకుపోయిన గొంతుతోనే, "అటు కాదు! అటు కాదురా!" అని కేకలు పెట్టాడు. కుర్రాళ్లు ఆగి చూశారు.

"ఏమైంది అంకుల్?"

వాడు జవాబివ్వలేదు. వంగి తడి ఇసుకలో కొబ్బరి డొక్క కోసం వెతుకుతున్నాడు.