పంపునుండి పెట్టెకు: మన్యపు బాటలో లారీ చరిత్రము



ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచలమీదుగా భద్రాచలమునకు పోవు బాటను ఎరుగనివారు మనలో నుండరు. ఆ బాటమీద బొగ్గును, జామాయిలు కట్టెను, సుబాబులు కట్టెను మోయుచు లారీలు రాత్రింబగళ్లు తిరుగుచున్నవి. లారీ మోయు బరువునుగూర్చి మనము మాటలాడుకొందుము. కాని దాని యింజనునకు ఏ క్షణమున ఎంత డీజిలు అందవలయునో నిర్ణయించు తెలివి యెక్కడ నున్నదని విచారింపము. ఆ తెలివి పూర్వము ఒక యినుప పంపులో నుండెను. నేడది యొక మూసిన పెట్టెలో చేరినది. మెకానిక్కులు దానిని ఈసీయం అనియు, ఈసీయూ అనియు పిలుచుచున్నారు. అది యింజను నడపు చిన్న కంప్యూటరు. మన పిల్లలు అప్పుచేసి పాత లారీలు కొనుచున్నారు గనుక, ఈ మార్పు కథ పెద్దలు తెలిసికొనదగినది.

మొదట బాట సంగతి. 1860 లో నిజాము ప్రభుత్వము భద్రాచల ప్రాంతమును ఆంగ్లేయుల కిచ్చినది మొదలు గోదావరియే ఎల్లయయ్యెను. ఈ యొడ్డు హైదరాబాదు రాజ్యము. ఆ యొడ్డు తరువాత చెన్నరాజధానిలో చేరెను. 1871 లో విలియం కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889 లో త్రవ్వకము మొదలయ్యెను. 1932 లో నిజాము రాజ్యపు రైలుశాఖవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. 1959 లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరెను. 1965 లో గోదావరిమీద వంతెన తెరవబడెను. అంతవరకు సరకంతయు పడవలమీదనే ఏరు దాటవలసి యుండెను. 1966 మొదలు పాల్వంచలో బొగ్గుతో విద్యుత్తు పుట్టెను. 1979 లో సారపాకలో కాగితపు మిల్లు నడువసాగెను. ఇవి వచ్చినకొలది ఆ బాటమీద లారీలు పెరిగినవి.

ఇక ఇంజను సంగతి. రుడాల్ఫు డీజిలు అను జర్మను పండితుడు 1892 లో తన యింజనునకు పేటెంటు కోరి, 1897 లో దానిని జయప్రదముగ నడపి చూపెను. ఆ యింజనున నిప్పురవ్వతో పనిలేదు. గాలిని గట్టిగ అదిమినచో అది మిక్కిలి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి డీజిలును తుంపరగా చిమ్మినచో అదియే మండును. కావున సర్వమును చిమ్ముటయందే యున్నది. వేళ తప్పినచో బలము తగ్గును. కొలత మించినచో నల్లపొగ వచ్చును. ఆ కొలతయు, వేళయు తప్పకుండ చూచు పంపును బాష్ సంస్థవారు 1927 లో తయారుచేయ నారంభించిరి. మన దేశమున 1954 లో టాటావారు మెర్సిడిస్ బెంజివారితో కలిసి లారీలు చేయసాగిరి. 1955 లో చెన్నపట్టణపు అశోక్ మోటార్సు అశోక్ లేలాండు పేరు దాల్చెను. 1951 లో స్థాపింపబడిన మైకో సంస్థ పంపులను, నాజిళ్లను ఇచ్చటనే చేసెను. నేటికిని పాత డ్రైవర్లు మైకో పంపు అనియే అందురు.

ఆ పంపునకు కరెంటుతో పనిలేదు. ఒకసారి ఇంజను అందుకొన్న పిమ్మట బ్యాటరీ పాడైనను లారీ ఇల్లు చేరును. నడి అడవిలో బండి ఆగినచో డ్రైవరు దిగి, ఒక పానాతో మర వదులుచేసి, చేతిపంపు నొక్కి, గొట్టములో చేరిన గాలిని తీసివేసి మరల బయలుదేరును. పంపు అరిగినచో ఖమ్మములోనో, కొత్తగూడెములోనో విప్పి సరిచేయు మేస్త్రీ యుండును. ఆ విద్యను శిష్యుడు గురువు ప్రక్కన నిలువబడి కంటితో చూచి, చెవితో విని నేర్చెడివాడు.

మరి ఇంత మేలైన పంపు ఎందుకు పోయెను? పొగవలన పోయెను. బొగ్గు లారీలు తిరుగు ఊళ్లలో కాపురమున్నవారికి ఆ పొగ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. 2000 సంవత్సరము మొదలు మన ప్రభుత్వము పొగకు మెట్లు మెట్లుగా హద్దులు విధించెను. దేశమంతట రెండవ మెట్టు 2005 లోను, మూడవది 2010 లోను, నాలుగవది 2017 ఏప్రిలు 1 వ తేదీనను, ఐదవదానిని విడిచి ఆరవది 2020 ఏప్రిలు 1 వ తేదీనను అమలులోనికి వచ్చెను. మూడవ మెట్టు బండ్ల నిక అమ్మరాదని సుప్రీంకోర్టు 2017 మార్చి 29 వ తేదీన ఆజ్ఞాపించెను. డీజిలులోని గంధకమును పదిలక్షల పాళ్లలో 350 నుండి 50 కును, పిదప 10 కిని తగ్గించిరి. మూడవ మెట్టువరకు లారీలలో పెక్కింట పంపే పనిచేసెను. నాలుగవ మెట్టుతో పెక్కు లారీలలో పెట్టె చేరెను.

ఆ పెట్టె చేయు పని వినుడు. ఇంజను తిరుగు వేగము, నీటి వేడి, గాలి ఒత్తిడి, డ్రైవరు కాలు యాక్సిలరేటరును తొక్కిన మేర, వీనినన్నింటిని సెన్సార్లు అను చిన్న పరికరములు తీగెలద్వారా దానికి తెలుపును. ఒక్క గొట్టములో డీజిలు గాలి ఒత్తిడికి వేయిరెట్లకు మించిన ఒత్తిడితో నిలిచియుండును. పెట్టె ఆజ్ఞ యిచ్చినపుడు మాత్రమే ఇంజెక్టరు తెరచుకొని, సెకనులో వేయవవంతు లెక్కలలో మరల మూసికొనును. జపాను దేశమున 1995 లో లారీలలో ఈ పద్ధతి మొదట వచ్చినది. దీనివలన పొగ తగ్గుట నిజము. కాని పెట్టె మాటాడనిచో లారీ కదలదు.

పాల్వంచ సమీపమున నేను చూచిన సంగతి నొకటి చెప్పెదను. అది నాలుగవ మెట్టు లారీ. యజమాని యువకుడు, దానిని పాతదిగా కొనెను. వర్షకాలమున నొకనాడు కట్టె లోడుతో నిలిచిపోయెను. చూచినవారందరును పెట్టె పోయినదనిరి. అప్పుడు వచ్చిన వృద్ధ మేస్త్రీ, "తమ్ముడూ, పెట్టె పోయిందనేది ఆఖర్న అనాల్సిన మాట. ముందు తీగెలు చూద్దాం" అనెను. ఆయన బ్యాటరీ బలమును కొలిచెను. ఫ్యూజులను, రిలేలను చూచెను. చాసిసునకు బిగించిన ఎర్తు తీగెను గీకి మరల బిగించెను. పెట్టెనుండి సెన్సార్లకు 5 వోల్టుల కరెంటు పోవలయును. అది పోవుటలేదు. ఒక సెన్సారు లోపల కలిసిపోయినను ఆ 5 వోల్టులును పడిపోవును. అట్టిచోట పెట్టె మార్చిన డబ్బు దండుగ. కావున ఆయన సెన్సార్ల నొక్కటొక్కటిగ ఊడదీసి చూచెను. అన్నియు తీసినను వోల్టులు రాలేదు. పెట్టె విప్పగా లోపల నీరు చేరి పచ్చని చిలుము పట్టియుండెను. అప్పుడు గాని ఆయన పెట్టె పోయినదని యనలేదు.

యజమాని విజయవాడ ఆటోనగరునుండి అదే నంబరుగల పాత పెట్టెను తెచ్చెను. బిగించిరి, లారీ కదలలేదు. ఏలయనగా ఆ పెట్టెలో వేరొక లారీ లెక్కలున్నవి. ప్రతి ఇంజెక్టరుమీదను దాని కొలతను తెలుపు గుర్తు చెక్కియుండును. ఆ గుర్తులను, ఇంజను బలమునకు తగిన లెక్కలను, తాళపు సంకేతమును కొత్త పెట్టెలో వ్రాయవలయును. వ్రాయు యంత్రము మేస్త్రీవద్ద లేదు. అది గలవాడు దూరపు పట్టణమునుండి వచ్చువరకు తొమ్మిది దినములు లారీ నిలిచెను. ఫైనాన్సు కిస్తీ మాత్రము నిలువలేదు. అతడు వచ్చి, పాత పెట్టెలోనుండి చదువగలిగిన లెక్కలను తీసి, క్రొత్తదానిలో వ్రాసెను, లారీ అందుకొనెను. నలువది యేండ్ల అనుభవముగల మేస్త్రీ జబ్బును కనిపెట్టెను గాని, మందు ఆయన చేతిలో లేకపోయెను. పంపునకును పెట్టెకును గల భేద మిదియే.

ఈ చిక్కు మన యొక్కరిదే కాదు. స్వతంత్ర మెకానిక్కులకు విడిభాగములను, జబ్బు కనిపెట్టు పరికరములను అందనీయలేదని 2014 ఆగస్టు 25 వ తేదీన కాంపిటీషన్ కమిషనువారు 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైబడిన జరిమానా విధించిరి. దానిపై అప్పీళ్లు నడచినవి. అది కార్ల వ్యవహారమే యైనను, అందలి న్యాయము లారీకిని వర్తింపదగినదని నా యభిప్రాయము. 2022 లో కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కునకై ఒక వెబ్‌సైటును తెరచినది. మోటారు బండ్లును అందు చేరియున్నవి. సొమ్ము పెట్టి కొన్న వస్తువును బాగుచేయించుకొను దారి కొన్నవానికి తెరచియుండవలయును. ఆ దారి పట్టణమున మాత్రమే తెరచియుండుట పల్లెవానికి చాలదు.

అంతవరకు మనము చేయదగిన పనులు కొన్ని కలవు. పాత లారీ కొనునపుడు అది యే మెట్టుదో అడుగవలెను. పెట్టె నంబరును, ఇంజెక్టర్ల గుర్తులను ఒక కాగితముమీద వ్రాసి బండి పత్రములతో దాచవలెను. బాడీకి వెల్డింగు చేయించునపుడు బ్యాటరీ తీగెలను, పెట్టె తీగెలను ఊడదీయింపవలెను. లేనిచో ఆ కరెంటు పెట్టెను చంపును. కడుగునపుడు పెట్టెపై నీటిని జోరుగా కొట్టరాదు. చెడిన పెట్టెను పారవేయరాదు. అందలి లెక్కలు పనికివచ్చును. అన్నింటికంటె ముఖ్యముగ, మన పిల్లలలో చదువుకొన్నవా రొకరిద్దరు ఈ వ్రాయు విద్యను నేర్చి, పాత మేస్త్రీల ప్రక్కన నిలువవలెను. చెవితో వినువాడును, యంత్రముతో చదువువాడును ఒక్క షెడ్డులో నున్నపుడు మన్యపు బాటలో నిలిచిన లారీ తొమ్మిది దినములు వేచియుండ నక్కరలేదు. ఈ మాట పెద్దలు ఆలోచింతురు గాక యని కోరి, సెలవు తీసికొనుచున్నాను.