దస్తావేజులో రంగారెడ్డి

కిందటేడు గచ్చిబౌలి వైపు ఫ్లాటు కొన్నప్పుడు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాల కోసం ఎదురుచూస్తూ దస్తావేజు తిరగేశాను. పేజీ పేజీకీ "రంగారెడ్డి జిల్లా". ఈ రంగారెడ్డి ఎవరని పక్కనున్న మిత్రుణ్ణి అడిగితే "ఎవరో పాత లీడరు" అన్నాడు. పదేళ్ళకు పైగా హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న నాకూ అంతకన్నా తెలీదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

కొండా వెంకట రంగారెడ్డి 1890లో మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో పుట్టారు. వృత్తి వకాల్తా. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభకు అధ్యక్షులు. 1952లో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో మంత్రి.

ఆయన జీవితంలో అసలు ఘట్టం ఆ తర్వాతది. 1955లో ఫజల్ అలీ కమిషన్, హైదరాబాదును ప్రస్తుతానికి వేరు రాష్ట్రంగానే ఉంచి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపమంది. రంగారెడ్డి, ఆయన మేనల్లుడు మర్రి చెన్నారెడ్డి విలీనాన్ని వ్యతిరేకించినవాళ్ళు. కానీ ఢిల్లీ గాలి మారింది. 1956 ఫిబ్రవరి 20న అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు చేశారు. తెలంగాణ తరఫు నలుగురిలో ఈ మామా అల్లుళ్ళిద్దరూ ఉన్నారు.

ఆ ఒప్పందంలో ఉద్యోగాలు, చదువులు, మిగులు ఆదాయం గురించి అందరూ మాట్లాడతారు. నన్ను ఆపింది ఇంకో షరతు: తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకం ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలన్నదీ అందులోదే. రాష్ట్రం ఏర్పడగానే నీలం సంజీవరెడ్డి ఆ పదవి ఆరోవేలు లాంటిదని పక్కన పెట్టేశారు. చివరికి 1959లో రంగారెడ్డే ఆ ఆరోవేలయ్యారు.

లొంగిపోయారని అనొచ్చు. నాకు అలా అనిపించలేదు. ఆపలేనిదాన్ని కనీసం షరతులతో కట్టేద్దామనుకున్న వకీలు కనబడ్డాడు. అయితే షరతు రాయడం ఒక ఎత్తు, తప్పితే ఏం చెయ్యాలో రాయడం ఇంకో ఎత్తు. ఆ రెండోది అందులో లేదు. 1958లో వచ్చిన ప్రాంతీయ సంఘం, 1973 నాటి ఆరు సూత్రాల పథకం తర్వాత కనుమరుగైంది.

రంగారెడ్డి 1970లో పోయారు. అంతకు ముందు ఏడాదే తెలంగాణ ఉద్యమం చెలరేగింది, మేనల్లుడు దానికి నాయకుడయ్యాడు. అదే మేనల్లుడు 1978లో సమైక్య రాష్ట్రానికి ముఖ్యమంత్రి. ఆ ఏడాదే హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలతో కొత్త జిల్లా ఏర్పడింది. దానికి మామ పేరు నిలిచింది.

ఇరవయ్యేళ్ళకు, 1998లో, ఆ జిల్లాలోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి వేలంలో పోయింది. అమ్మింది ప్రభుత్వమే, అప్పటికి ప్రత్యేక తెలంగాణ వచ్చి తొమ్మిదేళ్ళు.

భూమి అమ్మకానికి అడ్డుకట్ట కావాలని సంతకం పెట్టిన మనిషి పేరు ఇప్పుడు ప్రతి అమ్మకం కాగితం మీదా ఉంది. నా కాగితం మీద కూడా. ఫ్లాటు కొన్నందుకు నాకేం పశ్చాత్తాపం లేదు. కానీ ఆ పేరు ఇప్పుడు వట్టి అడ్రసులా మాత్రం కనబడటం లేదు.