పూటకూళ్ళ యింటి చరిత్ర: ‘నా జీవితయాత్ర’ బాల్యభాగ బోధనము

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి ‘నా జీవితయాత్ర’ను పరిశోధకులు రాజకీయ చరిత్రకు ఆధారముగా చదువుచున్నారు. 1928లో మదరాసున సైమను కమిషనును బహిష్కరించిన ఘట్టమువంటి వానికై దానిని తిరుగవేయువారే యెక్కువ. ఉన్నత పాఠశాల విద్యార్థులకు చెప్పదగినది మాత్రము అందలి బాల్యభాగమని మా యభిప్రాయము. అయితే అది సాధారణముగా బోధింపబడుచున్న తీరు చరిత్రకు గాని, విద్యార్థులకు గాని మేలు చేయునది కాదు.

కథ యందఱెఱిగినదే. ప్రకాశముగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించిరి. తల్లి సుబ్బమ్మగారు పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ళ యిల్లు నడపి వారిని పోషించిరి. పరీక్ష రుసుము మూడు రూపాయలకై ఆమె పట్టుబట్ట తాకట్టు పెట్టవలసివచ్చెను. ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని చేరదీసి, తాము రాజమహేంద్రవరము పోవునపుడు వెంట తీసికొనిపోయిరి. ఇంతవఱకు చెప్పి, ‘ఇట్టి పేదబాలుడే ముఖ్యమంత్రి యయ్యెను, మీరును కష్టపడుడు’ అని పాఠము ముగించుట వాడుక.

ఈ ముగింపులోనే చిక్కున్నది. తరగతిలో ముందు వరుసలోనో వెనుక వరుసలోనో, తల్లి రోడ్డుప్రక్క ఇడ్లీబండి నడుపుచుండగా చదువుకొను బాలుడో బాలికయో తప్పక యుండును. కష్టపడినవారెల్ల పైకివత్తురన్న మాట ఆ బిడ్డ చెవికి వేఱుగా వినవచ్చును: పైకి రాని మా యమ్మ కష్టపడలేదు కాబోలు! సుబ్బమ్మగారును పైకి రాలేదు. ఆమె వంట చేసెను. పాఠ్యగ్రంథములలో ఆమెకు రెండు వాక్యములు దక్కుట అరుదు.

ఆమె వృత్తిని గూర్చి విద్యార్థులకు చెప్పదగిన చరిత్ర చాల కలదు. పూటకూళ్ళ యిల్లు తెలుగునాట నిన్న పుట్టినది కాదు. ఓరుగల్లు నగరమందలి అట్టి భోజనశాల ‘క్రీడాభిరామము’న వర్ణితమైనది. 1892లో మొదట ప్రదర్శింపబడిన ‘కన్యాశుల్కము’న గురజాడవారు పూటకూళ్ళమ్మను ఒక పాత్రగానే నిలిపిరి. ఆమెకు పేరు లేదు, వృత్తియే పేరు. ప్రేక్షకుడు ఆమె చీపురుదెబ్బలకు నవ్వునే కాని, పెనిమిటి పోయిన బ్రాహ్మణస్త్రీకి ఆనాడు గౌరవముగా బ్రతుకుటకు ఎన్ని దారులుండెనని యడుగడు. కాలముచేత సుబ్బమ్మగారి వృత్తి ఆ నాటకమునకు సమీపవర్తియే. ఈ రెంటిని ఒకే వారమున చదివించిన యుపాధ్యాయునకు సగము పని యైనట్లే.

మూడు రూపాయల మాట వచ్చినపుడు తరగతిలో నవ్వు పుట్టుట సహజము. ఆ నవ్వును గద్దింపరాదు, లెక్కలోనికి మరల్పవలెను. 1957లో దశాంశ నాణెములు వచ్చువఱకు రూపాయికి పదునాఱణాలు, అణాకు పండ్రెండు పైలు. మూడు రూపాయలనగా 48 అణాలు, 576 పైలు. పూటకూలి పైపైగా పోగగు ఇంట అన్ని పైలు ఒక్క దినమున చేత నుండవలెను. పేదరిక మనగా ధనము తక్కువగుట మాత్రమే కాదు, కావలసిననాడు లేకుండుట యని విద్యార్థికి ఈ లెక్కవలన తెలియును. పట్టుబట్ట విషయమున మాదొక ఊహ. మడి తప్పక వండిపెట్టవలసిన యింట పట్టుబట్ట అలంకారము కాదు, పనిముట్టు. అది తాకట్టునకు పోయినచో మఱునాటి వంటకే చిక్కు వచ్చియుండవచ్చును. దీనిని ఊహగానే విద్యార్థుల ముందుంచవలెను. గ్రంథములోని మాటకును ఉపాధ్యాయుని ఊహకును గల భేదము వారికి తెలియుటయు చరిత్రపాఠమే.

ఇక సహాయము మాట. నాయుడుగారి వంటి యుపాధ్యాయుడు దొరకుట అదృష్టము. కాని ఆ కాలమున పేద బ్రాహ్మణ విద్యార్థులకు అదృష్టము గాక ఒక ఏర్పాటును ఉండెను. వారములు చేసికొని, అనగా వారమునకు ఏడిండ్లలో ఒక్కొక దినము భుజించి, ఎందఱో చదువుకొనిరి. ఆ యిండ్ల తలుపులు పేదరికమును చూచి తెఱువబడలేదు, కులమును చూచి తెఱువబడినవి.

ఈ సంగతి దాచి ప్రకాశముగారి బాల్యము చెప్పుట సగము చెప్పుటయే. అందుకే దాని ప్రక్కన గుఱ్ఱము జాషువ మహాకవి పద్యరూపమున రచించిన స్వీయచరిత్ర ‘నా కథ’ను పెట్టవలెను. ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించిరి. ఒంగోలునకు వినుకొండ మిక్కిలి దూరము కాదు. ఇరువురి పుట్టుకకు నడుమ ఇరువదిమూడేండ్లు. రెండు చోట్లను లేమియే. కాని ఒకరిని పంక్తిలో కూర్చుండబెట్టిన సమాజమే రెండవవారిని బడిలో సైతము ఎడముగా నుంచి అవమానించెను. ‘పేదరికము’ అను ఒక్క మాటలో ఈ రెండును ఇమడవని పదునైదేండ్ల విద్యార్థి సులభముగనే గ్రహించును. పెద్దలమే తడబడుదుము.

బోధనములో ఒక జాగ్రత్త యవసరము. పాఠము కాగానే ‘మీ యింటి కష్టములు వ్రాయుడు’ అను అభ్యాసము కొందఱు ఇచ్చుచున్నారు. మేము దీనికి సమ్మతింపము. ప్రకాశముగారు తమ బాల్యమును పెద్దవారై, కీర్తి వచ్చినపిమ్మట, తమ యిష్టమున వ్రాసికొనిరి. మార్కులకై తోటివారి యెదుట ఇంటి గుట్టు విప్పుమని బిడ్డను బలవంతపెట్టుటకు దానిని ఉపమానము చేయరాదు. వ్రాయువాడు తానై వ్రాసిన, ఉపాధ్యాయుడు చదివి మౌనముగా తిరిగి యియ్యవలెను.

పరీక్షలో ఏమి యడుగవలెనని ప్రశ్న. ‘ప్రకాశముగారి పట్టుదలను వివరింపుడు’ అన్నచో గైడులోని జవాబే వచ్చును. ‘ఆ మూడు రూపాయలు ఎవరెవరి చేతులమీదుగా బడికి చేరినవో, ఒక్కొకరు అందుకై ఏమి వదలుకొనిరో వ్రాయుడు’ అని యడిగినచో గ్రంథమును మఱల తెఱువక తప్పదు.