క్లోరిన్‌కూ కాస్టిక్‌కూ మధ్య గోడ

ఉప్పునీటిలోకి కరెంటు పంపితే ఆనోడ్ దగ్గర క్లోరిన్, కాథోడ్ దగ్గర హైడ్రోజన్, కాస్టిక్ సోడా పుడతాయి. 19వ శతాబ్దం తొలినాళ్లలోనే ఈ ప్రయోగాలు జరిగాయి. ఎంత కరెంటుకు ఎంత సరుకు దిగుతుందో 1830ల్లో ఫారడే లెక్క తేల్చాడు. 1870ల నాటికి డైనమోలు కూడా వచ్చాయి. అయినా 1890ల దాకా ఈ పరిశ్రమ కాలూనలేదు. పుట్టినవాటిని పుట్టినచోటే విడిగా ఉంచే గోడ దొరకలేదు మరి. క్లోరిన్ కాస్టిక్‌తో కలిస్తే రెండూ పాడై బ్లీచింగ్ ద్రావణమే మిగులుతుంది. హైడ్రోజన్‌తో కలిస్తే ఎండ తగిలినా పేలిపోగలదు. ఆ గోడ ద్రవాన్ని ఆపాలి, విద్యుత్తును పోనివ్వాలి. ఒక పక్క క్లోరిన్‌నూ మరోపక్క వేడి క్షారాన్నీ ఏళ్లతరబడి తట్టుకోవాలి. ఎలక్ట్రాలసిస్ సెల్ చరిత్రను నడిపింది విద్యుత్ సిద్ధాంతం కాదు, అలాంటి పదార్థం కోసం సాగిన వెతుకులాటేనని నా అభిప్రాయం.

మొదటి గోడ సిమెంటుది. జర్మనీలోని గ్రీస్‌హైమ్‌లో పోర్ట్‌లాండ్ సిమెంటును ఉప్పునీటితో కలిపి పలకలుగా పోసేవారు. గట్టిపడ్డాక నీళ్లలో నానబెడితే ఉప్పు కరిగిపోయి సన్నని రంధ్రాలు మిగిలేవి. పద్ధతి పనిచేసింది గానీ చాలా నెమ్మది. నింపడం, కొన్నాళ్లు నడపడం, ఖాళీ చేయడం, మళ్లీ నింపడం.

అసలు గోడే లేకుండా చేసినవాడు హామిల్టన్ కాస్ట్నర్. ఇంగ్లండులో స్థిరపడిన ఈ అమెరికన్ అల్యూమినియం తయారీకి కావలసిన సోడియంను చవకగా చేసే మార్గం కనిపెట్టాడు. అది నడకలో పడుతుండగానే 1886లో హాల్, హెరూ అనే ఇద్దరు అల్యూమినియంను నేరుగా విద్యుత్తుతో తీశారు. దాంతో అతని సోడియంకు గిరాకీ పడిపోయింది. సోడియంకు వేరే ఉపయోగాలు వెతుకుతూ, దానికి స్వచ్ఛమైన కాస్టిక్ కావలసివచ్చి, 1892లో పాదరసం సెల్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఆస్ట్రియాకు చెందిన కార్ల్ కెల్నర్ కూడా అదే ఏడు అదే దారిలో ఉన్నాడు. తగాదా పడకుండా ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు.

ఆ సెల్ నిర్మాణం ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపరుస్తుంది. పెట్టెలో మూడు గదులు, అడుగున పాదరసం. చివరి గదుల్లో ఉప్పునీరు, ఆనోడ్లు. నడిమి గదిలో మంచినీళ్లు. గదుల మధ్య పలకల కింద సన్నని సందు ఉంటుంది, అందులోంచి పాదరసం మాత్రమే కదలగలదు. ఒక చక్రం పెట్టె ఒక చివరను మెల్లగా ఎత్తి దించుతుంటే, చివరి గదుల్లో పాదరసంలో కరిగిన సోడియం నడిమి గదికి చేరి, నీటితో కలిసి కాస్టిక్‌గా మారుతుంది. ఉప్పు అంటని కాస్టిక్! 1897లో ఇంగ్లండులోని రన్‌కార్న్‌లో, అమెరికాలోని నయాగరాలో కర్మాగారాలు మొదలయ్యాయి. రెండేళ్లకే, 41వ ఏట కాస్ట్నర్ చనిపోయాడు. ఊగే పెట్టె స్థానంలో తర్వాత వాలుగా పరిచిన పొడవాటి ఉక్కు తొట్టెలు వచ్చాయి.

అమెరికాలో ఎక్కువగా ఆస్‌బెస్టాస్ నారతో చేసిన అడ్డుతెర, అంటే డయాఫ్రం, నిలిచింది. ఇనుప జాలీ కాథోడ్ మీద ఆ నారను పూతగా పేర్చేవారు. ఖర్చు తక్కువే గాని దిగే కాస్టిక్ 10–12 శాతమే, దాంట్లో ఉప్పు కూడా బోలెడు. ఆవిరి పెట్టి చిక్కబరచడానికి మళ్లీ ఇంధనం తగలేయాలి.

ఆనోడ్ సంగతి వేరు. గ్రాఫైట్ ఆనోడ్ కొంచెం కొంచెంగా అరిగిపోతుంటే కాథోడ్‌తో ఎడం పెరిగి కరెంటు ఖర్చూ పెరిగేది. 1960ల్లో హెన్రీ బీర్ టైటానియం మీద రుథేనియం ఆక్సైడ్ పూత వేశాడు. ఆకారం మారని ఆనోడ్ వచ్చాకే సెల్‌ను మిల్లీమీటర్ల లెక్కన బిగించి కట్టడం సాధ్యమైంది. చెప్పుకోవలసినంతగా ఎవరూ చెప్పుకోని మలుపు ఇది.

ఈలోగా జపాన్‌లోని మినమాటాలో పాదరసం జనాన్ని బలిగొంది. ఆ పాదరసం ఉప్పునీటి సెల్‌లది కాదు, అసిటాల్డిహైడ్ తయారీలో ఉత్ప్రేరకంగా వాడింది. అయినా ఆ దేశం 1973లో పాదరసం సెల్‌లన్నిటినీ మాన్పించాలని నిర్ణయించింది. న్యాయమైన భయమది. అమెరికాలో డూపాంట్ చేసిన నాఫియాన్ అనే ఫ్లోరిన్ పాలిమర్ పొర (మెంబ్రేన్) అప్పటికే ఉంది. జపాన్ కంపెనీ ఆసాహీ కెమికల్ 1975లో నోబెయోకలో మెంబ్రేన్ సెల్‌లు నడిపింది. పొరలో నాటుకున్న రుణావేశాలు సోడియం అయాన్లను పోనిస్తాయి, క్షారపు అయాన్లను చాలావరకు వెనక్కి నెడతాయి. దిగే కాస్టిక్ సుమారు 32 శాతం, కరెంటు ఖర్చు పాదరసం సెల్ కన్నా తక్కువ. ఈ పొర మహా సున్నితం కూడా. ఉప్పునీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను వంద కోట్లలో కొన్ని పదుల వంతుల దాకా రెజిన్‌తో తీసేయకపోతే రంధ్రాలు పూడిపోతాయి. కర్నూలు దగ్గర శ్రీ రాయలసీమ ఆల్కలీస్‌గా మొదలైన కర్మాగారంలోనూ కాస్టిక్ సోడా తయారయ్యేది మెంబ్రేన్ సెల్‌లలోనే.

పాత గోడలు మాత్రం ఒక్కసారిగా కూలలేదు. ఐరోపా సమాఖ్య పాదరసం సెల్‌లకు 2017 చివరిదాకా గడువిచ్చింది. ఆస్‌బెస్టాస్ డయాఫ్రంలు మాన్పించే నియమం అమెరికాలో 2024 మార్చిలో గానీ రాలేదు, అదీ కొన్ని కర్మాగారాలకు 12 ఏళ్ల దాకా వ్యవధి ఇస్తూ.